తొమ్మిదేళ్ళ మహనీయులు

పొద్దున్నే ఇల్లు ఊడ్చుకుని, ముందుగదిలో బల్ల మీద బిస్కెట్ల పళ్ళెం, గ్లాసుతో పాలు పెట్టుకుని కూర్చుంటుంది రచయిత్రి. పిల్లల కోసం మహనీయుల జీవితకథలు రాయడం ఆవిడ పని. ఎవరి గురించి రాస్తుంటే వాళ్ళే, తొమ్మిదేళ్ళ వయసులో, తమ కాలం నుంచి నేరుగా వచ్చి తలుపు తడతారు. ఏ పనిలో ఉంటే ఆ పనిలోంచే వచ్చేస్తారు. ఒక సేనాపతి పళ్ళు తోముకుంటూ నోటినిండా నురగతో వచ్చాడు. చిన్నతనం గురించి నాలుగు ముక్కలు చెప్పి, బిస్కెట్లు తిని వెళ్ళిపోతారు. చెప్పులు మాత్రం గుమ్మం బయటే విప్పాలి.

చెప్పింది చెప్పినట్టు రాస్తే ఎడిటరుగారు ఒప్పుకోరు. "మొదటి పేజీలోనే గొప్పతనం కనపడాలమ్మా" అంటారు. అందుకని ఆవిడ కాస్త మెరుగుపెట్టేది. పళ్ళు తోముకోవడానికి మారాం చేసే సేనాపతి, ఆవిడ పుస్తకంలో ఉగ్గుపాలతోనే యుద్ధవిద్య నేర్చాడు.

ఈ మెరుగు తన కొంపే ముంచుతుందని ఆవిడ అనుకోలేదు. ఇంట్లో పిచ్చుక అని పిలిచే ఆవిడ కూతురు అమ్మ పుస్తకాలన్నీ ఔపోసన పట్టింది. పాటంటే ప్రాణం పెట్టే ఆ పిల్ల ఉన్నట్టుండి సంగీతం క్లాసు మానేసింది.

"నాకు తొమ్మిదేళ్ళు నిండిపోయాయమ్మా. ఇంతవరకూ గొప్పదాన్నవుతాననే లక్షణం ఒక్కటీ కనపడలేదు. ఇంక నేనెందుకూ పనికిరాను" అంది, ముసలమ్మలా నిట్టూర్చి.

తల్లికి ముందు నవ్వొచ్చింది, వెంటనే గుండె కలుక్కుమంది. ఎంత బతిమాలినా పిల్ల వినదే. పాట ఆగిపోయాక ఆ ఇంట్లో ఆవిడకి ఏమీ తోచలేదు.

మహనీయులు వచ్చే వేళకి పిచ్చుక ఎప్పుడూ బడిలో ఉండేది. ఓ సెలవురోజు ఒక మహాగాయని రావలసి ఉంది. తలుపు పిచ్చుకే తీసింది. గుమ్మంలో ముక్కు చీదుకుంటూ ఓ పిల్ల.

"ఏదీ, ఒక పాట పాడు" అంది పిచ్చుక, పరీక్ష పెట్టేదానిలా.

ఆ పిల్ల గొంతెత్తింది. గిన్నెలేవో పడ్డాయనుకుని తల్లి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"నీకు పాడ్డం రాదే" అంది పిచ్చుక, తెల్లబోయి.

"రాదు. మా మాస్టారు చెవులు మూసుకుంటారు. అయినా పాడతాను, బావుంటుంది కదా" అంది ఆ పిల్ల, రెండో బిస్కెట్ అందుకుంటూ.

పిచ్చుక దాని పక్కన చతికిలబడి గొంతు కలిపింది. ఇద్దరూ కలిసి ఇల్లు పీకి పందిరేశారు. తల్లికి సంతోషంతో కళ్ళు నిండిపోయాయి. ఆ గాయనికి చిన్నప్పుడు పాడడం వచ్చేది కాదని, మొదటి పేజీలో ఉన్నదున్నట్టు రాసి పంపింది. ఎడిటరుగారు గొణిగారు గానీ అచ్చేశారు.

పిచ్చుక మళ్ళీ క్లాసుకి వెళ్ళసాగింది. గొంతు ఏమంత బాగుపడలేదు గానీ ఇంట్లో గోల పెరిగింది. ఒకరోజు తల్లి జడ వేస్తూ వేస్తూ చూసుకుంటే చేతిలో జుట్టూ లేదు, ఎదురుగా పిల్లా లేదు. కంగారుపడి వీధంతా వెతికొచ్చేసరికి, పిచ్చుక సగం జడతో పీట మీద కూర్చుని ఉంది.

"ఎక్కడికెళ్ళావే?"

"ఎవరో ఒకావిడ ఇంటికి. పిల్లల కోసం పుస్తకం రాస్తోందట. నీకేమేం వచ్చమ్మా అని అడిగింది."

తల్లి చేతిలో దువ్వెన ఆగిపోయింది. "నువ్వేం చెప్పావు?"

"ఇంకా ఏమీ రాదని చెప్పాను. అలాగే రాసుకుంది. తొందరగా వెయ్యమ్మా, క్లాసుకి టైమైపోతోంది."