రాని నెలకి సంతకం

ఆ రోజుల్లో నా భక్తి చూసి నాకే ముచ్చటేసేది. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, టీ బంద్, చెప్పులు బంద్. నలభై రోజులు ఇలా ఉంటే ఎంతటి పాపమైనా కొట్టుకుపోతుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. దేవుణ్ణి అడగలేదు. అడిగితే ఏమంటాడోనని భయం.

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. ప్రతి నెలా మేడ మీది మోటారు గదికి ఎక్కి, తాళ్ళూ బ్రేకులూ చూసి, అక్కడ వేలాడే తనిఖీ కార్డు మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. మా పనిలో చెయ్యి తిరిగినవాళ్ళు ఒక్కసారి ఎక్కినప్పుడే నాలుగైదు నెలల సంతకాలు గీకేస్తారు. మళ్ళీ మళ్ళీ ఎక్కి మోకాళ్ళు అరగదీసుకోవడం దేనికి? నాది బాగా తిరిగిన చెయ్యి.

అలా సంతకాలతో పుష్టిగా ఉన్న ఓ లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. రిటైరైన సంగీతం టీచరొకావిడ మూడు గంటలు అందులో చిక్కుకుపోయింది. ఒంటికేమీ కాలేదు గానీ, ఆవిడ మళ్ళీ లిఫ్ట్ ఎక్కలేదు. ఐదంతస్తులు దిగే ఓపిక లేదు కాబట్టి ఇల్లూ కదల్లేదు.

కబురు అందగానే అందరికంటే ముందు పరుగెత్తింది నేనే. ఆవిణ్ణి దింపడానికే అని చూసినవాళ్ళు మెచ్చుకున్నారు. నేను ముందు కార్డు దింపి జేబులో పెట్టుకున్నాను. ఇంకా రాని నెలలకి కూడా అందులో నా సంతకాలున్నాయి మరి. సూపర్‌వైజరు అడిగితే, ఈ నెల మా కంపెనీలోనే పనిచేసే మా బావమరిదిని పంపాననీ, వాడు ఎక్కకుండానే చూసొచ్చానన్నాడనీ, కార్డు కూడా వాడే ఎక్కడో పారేశాడనీ చెప్పాను. వాడికి ఆ ఉద్యోగం ఇప్పించింది నేనే. ఇప్పించినవాడికి ఊడగొట్టే హక్కుండదా?

సూపర్‌వైజరు పిలిచి నిలదీస్తే వాడు నావైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. నోరెత్తితే అక్క కాపురంలో నిప్పులు పోసినట్టవుతుందని ఊరుకున్నాడు. ఆ సంగతి అర్థమయ్యాక నాకు నిద్ర కరువైంది.

అంతకుముందు నాకూ దేవుడికీ మంచి చనువుండేది. మోటారు గదిలో నట్లు బిగిస్తూ ఆయనతో పిచ్చాపాటీ మాట్లాడుకునేవాణ్ణి. ఇప్పుడు గంటసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నా పలికే దిక్కు లేదు. నియమం చాల్లేదేమోనని ఉప్పు కూడా మానేశాను. కార్డు మాత్రం ప్రార్థన పుస్తకంలో భద్రంగా దాచాను. మా ఇంట్లో ఆ పుస్తకం తెరిచేది నేనొక్కణ్ణే.

ముప్ఫై ఎనిమిదో రోజు మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. వాళ్ళ తమ్ముడు ఏ కంపెనీ గడప తొక్కినా లిఫ్ట్ చూడకుండా చూశానన్నవాడివి నువ్వేగా అని తిప్పి పంపేస్తున్నారట.

“ఏమండీ, మీరింత నిష్ఠగా ఉంటున్నారు, మీ మాట దేవుడు వింటాడు. తమ్ముడి తప్పు క్షమించమని ఒక్కసారి గట్టిగా అడగండి. నేనూ దణ్ణం పెట్టుకుంటాను.”

చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. నేను నోరు తెరిచాను. సూపర్‌వైజరు ముందు తడుముకోకుండా అబద్ధం ఆడిన నోరే అది. ‘వాడి తప్పు’ అన్న మాట దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ ముఖంలో నా మీదున్న నమ్మకం చూసి సిగ్గుతో చచ్చిపోయాను. పుస్తకంలోంచి కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

రెండుసార్లు చదివింది. గోడ మీది క్యాలెండరు చూసింది.

“ఈ ఆఖరి తేదీ ఇంకా రాలేదే,” అంది.

అప్పుడు అంతా చెప్పాను. చెప్పి ఊరుకోవచ్చుగా. రోజూ దేవుడి ముందు ఒప్పుకుంటూనే ఉన్నాననీ, ఇంకో రెండు రోజులైతే నలభై పూర్తవుతాయనీ కూడా చెప్పాను. ఆవిడ కార్డు తిరిగి నా చేతిలో పెట్టింది.

“దేవుడికి తెలియంది ఏముందని చెప్తున్నారు? తెలియంది మీ ఆఫీసుకి.”

లేచి వెళ్ళి, నా చెప్పులు వెతికి తెచ్చి ముందు పడేసింది. ముప్ఫై ఎనిమిది రోజుల తర్వాత వాటిలో కాళ్ళు పెడితే అవి కూడా పరాయివాళ్ళవిలా అనిపించాయి.

సూపర్‌వైజరు గది తలుపు ముందు నిలబడ్డాను. ఉద్యోగం పోతుంది. బావమరిది ముఖం ఎలా చూడాలో తెలియదు. మా ఆవిడ మళ్ళీ నాతో మాట్లాడుతుందో లేదో. స్వామీ, కాస్త పక్కనుండు, భయంగా ఉంది అన్నాను, నట్లు బిగించేటప్పుడు మాట్లాడినట్టే. ఇన్నాళ్ళ నా ప్రార్థనల్లో నిజమైన మాట అదొక్కటే. పక్కన ఎవరో ఉన్నట్టే అనిపించింది.

లోపలికి వెళ్ళి కార్డు బల్ల మీద పెట్టాను. ఏంటిదని అడిగాడు సూపర్‌వైజరు.

“ఆ లిఫ్ట్ చూడనిది నేను సార్,” అన్నాను.