కొరకని మామిడికాయ

అరకు నుంచి బొర్రా వెళ్లే దారికి పైన, కొండ వాలులో ఒక చిన్న ఊరు. ఆ ఉదయం కనక తన ఇంటి ముందు చోళ్లు, అంటే రాగులు, చెరుగుతోంది. యాభై దాటిన మనిషి. పసుపు చీర కట్టుకుంది, వెనక అరుగు మీద ఐదు బస్తాల చోళ్లున్నాయి. గిరిజన జీవితాన్ని ఫొటోలు తీద్దామని విశాఖ నుంచి వచ్చిన భాస్కర్‌కు ఆ నిండు ఇల్లు నచ్చలేదు. చేతికందిన కొమ్మ నుంచి మామిడికాయ కోసి ఆమె చేతిలో పెట్టాడు.

"కొరుకుతున్నట్టు పట్టుకో అమ్మా."

"అమ్మో, కొత్తల పండగ అవ్వనేదు బాబూ! అమ్మోరు తల్లికి ఎట్టకుండా కొత్త కాయ ఎవులూ నోట ఎట్టరు."

"తినొద్దులే. నోటి దగ్గర పెట్టుకో, చాలు."

ఇంటికొచ్చిన మనిషి అడిగితే కాదనడం కనకకు చేతకాదు. పట్టుకుంది. అతను ఇంకా ఫొటోలు తీస్తుండగానే ఆమె ఆ కాయను కళ్లకద్దుకుని చెట్టు మొదట్లో పెట్టేసింది.

భాస్కర్‌తో కలిసి పనిచేసే, ఆ రోజు అతనితో పాటు వచ్చిన నిర్మలకు ఇదంతా గొంతులో ముల్లులా ఉంది. తిరుగు ప్రయాణంలో అడిగేసింది. "లేని ఆకలిని ఎందుకు తెచ్చిపెట్టావు?"

"ఉన్నదున్నట్టు తీస్తే ఎవరు చూస్తారు? ఈ ఫొటో చూసి నలుగురి మనసు కరిగితే, ఈ కొండలకే మేలు కదా!"

"ఆమెను అడిగావా, నా ఫొటోలో ఆకలితో ఉంటావా అని?"

భాస్కర్ కెమెరాలో ఆ ఫొటోను మళ్లీ తృప్తిగా చూసుకున్నాడు. దుర్మార్గుడు కాదు పాపం. మంచి చేస్తున్నానని నిజంగానే నమ్మాడు. అందుకే అతనికి తప్పు కనపడలేదు.

బస్తాలు కత్తిరించి, పసుపు చీర రంగు తీసేసి, నలుపు తెలుపుల్లో 'ఆకలి' అని పేరు పెట్టిన ఆ ఫొటోకు విశాఖ ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. చూసినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ ఫొటో ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు పోయి, పండగ నాలుగు రోజులుందనగా కొండెక్కి కనక ఊరు చేరింది.

ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో అమ్మవారి ముందు మొదటి మామిడికాయ కోసేది కనకే. ఊళ్లో పూజలు చేసే దిసారి సుక్రు ఆమెను పిలిపించి ఫోనులో ఆ ఫొటో చూపించాడు.

"ఏటి కనకా ఇది? ఈ ఏడు కాయ కొయ్యడానికి నువ్వు రావద్దు."

"నాను తిన్నేదు మామా!"

"ఫొటోలో అగుపడతన్నాది కదా."

ఇరవై ఏళ్లుగా తల్లికి కాయ కోసిన మనిషి మాట మీద ఒక్క బొమ్మ గెలిచింది. కనక ఇంటికి వచ్చి, నిర్మల ఇచ్చి వెళ్లిన నంబరుకు ఫోను చేసి ఏడ్చింది. "ఆకలిదాన్ని సేసినారు, అది పోనీ అని ఒగ్గేసినాను. తల్లికి ముందే తిన్నదాన్నీ సేసినారు గదమ్మా!"

నిర్మల ఆ మాటలు భాస్కర్‌కు చెప్పింది. వాదిస్తాడనుకుంది. అతను ఆ రోజు తీసిన ఫొటోలన్నీ తెరిచి మొదటి నుంచి మళ్లీ చూశాడు.

పండగ పొద్దున్నే ఇద్దరూ ఊళ్లో దిగారు. భాస్కర్ అందరి ముందూ కెమెరా తెరిచి, ఆ రోజు తీసిన ఫొటోలు వరసగా చూపించాడు. పసుపు చీర, బస్తాలు, నోటి దగ్గర కాయ, ఆపైన కళ్లకద్దుకున్న చేతులు, చివరికి చెట్టు మొదట్లో పంటిగాటు లేని కాయ.

"కాయ కోసింది నేను. ఆమె కొరకలేదు. తప్పు నాది," అన్నాడు. "బహుమతి తిరిగి ఇచ్చేశాను. ప్రదర్శన నుంచి ఆ ఫొటో కూడా తీసేయించాను."

సుక్రు కనక వైపు తిరిగాడు. "నీ మాట ఇనకుండా ఫోను మాట ఇన్నాను. మా తప్పూ ఉన్నాది. రా, కాయ కొయ్యి."

కనక కళ్లు తుడుచుకుని కత్తి అందుకుంది. పూజయ్యాక మొదటి ముక్క అమ్మవారి ముందు పెట్టి, రెండోది భాస్కర్ చేతిలో పెట్టింది. అతను దాన్ని కళ్లకద్దుకుని తిన్నాడు. భుజానికున్న కెమెరాను ఎత్తకుండానే అడిగాడు.

"అమ్మా, ఒక ఫొటో తియ్యమంటావా?"

కనక ఫక్కున నవ్వి, ఇంకో ముక్క నోటి దగ్గర పెట్టుకుంది.

"బేగి తియ్యి బాబూ, ఈపాలి నిజంగానే తింతన్నాను."

అతను రంగుల్లోనే తీశాడు. కెమెరా పట్టిన ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసింది ఇదే: ఫొటో తీసుకుని మనం కొండ దిగి వెళ్లిపోతాం, అందులోని మనిషి మాత్రం ఆ ఊళ్లోనే తలెత్తుకుని బతకాలి.