తోడు రాయి

సాయంత్రం నాలుగున్నరకు దిగే విమానానికి పొద్దున ఏడింటికే బయలుదేరాలని సత్తమ్మ తేల్చేసింది. కట్టంగూరు పక్కనున్న వాళ్ల ఊరి నుంచి శంషాబాదుకు కారులో మూడు గంటలు కూడా పట్టదని డ్రైవర్ గిరి వారం రోజులుగా చెబుతూనే ఉన్నాడు. ఆమె వింటే కదా. ఐదేళ్ల తర్వాత కొడుకు భిక్షం సౌదీ నుంచి వస్తున్నాడు. తలుపు దాటి బయటికి రాగానే వాడికి తన మొహం కనబడాలి తప్ప వాడు దిక్కులు చూడకూడదు.

"నేను ముందుగాల పోయి కూసుంట. విమానమే నాకోసం చూడాలె గాని, నేను విమానం కోసం ఉరుకుడేంది" అంది. గిరి సరేనన్నాడు.

కోడలు యాదలక్ష్మి ఈ గొడవలో తలదూర్చలేదు. ఆమె లెక్కలు ఆమెకున్నాయి. పోయేటప్పుడు నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్, అక్కడి నుంచి రింగు రోడ్డు. వచ్చేటప్పుడు మాత్రం భిక్షం నడుం వాల్చాలి. ముందు రోజు రాత్రంతా ఎడారిలో జీపు, ఆ తర్వాత ఐదు గంటలు విమానం, మనిషి పిప్పి అయిపోయి ఉంటాడు. అందుకే గిరి ఏడు సీట్ల కొత్త బండిలో మధ్య సీటంతా అతనికే. ఒక మెత్త, ఒక దుప్పటి. బయటికి రాగానే చాయ్, చౌటుప్పల్ దాటాక ఎక్కడన్నా ఆపుకుని జొన్నరొట్టె, ఉల్లిగడ్డ. ఆ రొట్టె సంగతి భిక్షమే ఫోన్లో రెండుసార్లు అడిగాడు.

పంపినవాళ్లు తోటపని అన్నారు. తీరా పోయాక మూడు వందల గొర్రెల్ని, ఒక రేకుల షెడ్డును చూపించారు. భిక్షం మందల మధ్య పుట్టి పెరిగినవాడే, పని కొత్త కాదు. కనుచూపు మేరలో మాట్లాడటానికి మనిషి లేకపోవడమే కొత్త. మూడో ఏడాదికి అతను ఫోన్లో మాటల మధ్య గొర్రెల్ని అదిలించే చప్పుళ్లు చేయడం మొదలుపెట్టాడు. చేస్తున్నట్టు అతనికి తెలియదు. యాదలక్ష్మికి ఆనాడు పట్టిన భయం మళ్లీ వదల్లేదు.

ఏడింటికి బండి వాకిట్లో నిలబడింది. ముందు సీట్లో మరిది బాలకృష్ణ, వెనక అత్తాకోడళ్లు, గిరితో కలిసి నలుగురు. గిరి తాళంచెవి తిప్పబోతుంటే యాదలక్ష్మి ఫోన్ మోగింది. అవతల భిక్షం.

"కఫీల్ ఎయిర్‌పోర్టు కాడికి వచ్చిండు. పాస్‌పోర్టు ఆయన తాననే ఉన్నది. నా జాగల ఇంకో మనిషొచ్చి నిలబడేదాక ఇయ్యనంటుండు. మీరు రాకుండ్రి" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. ఫోన్ కట్ అయింది.

కఫీల్ అంటే అక్కడి యజమాని. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలియని సంగతి బాలకృష్ణ చెప్పాడు. "దేశం ఇడిసే కాగితం గీయాల్టిదాకనే ఉన్నది వదినె. గీ విమానం పోతే మల్ల కఫీలే కొత్తది రాయాలె. ఆయన రాస్తడా?"

బాలకృష్ణ కిందికి దిగాడు. ఉత్త బండిలో పోయి ఉత్తగా రావడమెందుకని అతని బాధ. అతన్ని తప్పు పట్టలేం. సత్తమ్మ మాత్రం దిగలేదు. కాళ్లు ఇంకా దగ్గరికి ముడుచుకుని కూర్చుంది.

"వచ్చేటోడు రావాల్నంటే తోలుకొచ్చేటోళ్లు తొవ్వల ఉండాలె. పోనియ్యి గిరీ" అంది.

గిరి బండి కదపలేదు. "ముగ్గురమైనం పెద్దమ్మా."

ముగ్గురు కలిసి పని మీద పోతే పని కాదని ఆ చుట్టుపక్కల అన్ని ఊళ్లలోనూ అంటారు. తప్పనిసరైతే ఒక చిన్న రాయిని జేబులో వేసుకుని నాలుగో మనిషిగా లెక్కపెట్టుకుని పోతారు. వేరే ఊళ్లలో అది నవ్వుకుంటూ చేసే పని. ఈ ఊళ్లో ఎవరూ నవ్వరు. ఇక్కడ రాయి నిజంగానే వస్తుంది.

యాదలక్ష్మి దిగి గొర్రెల దొడ్డి వెనక్కి పోయింది. కంప పక్కన ఒక వరసలో తోడు రాళ్లు, ఒక్కొక్కటి దాని గుంతలో అది, నడుం దాకా మట్టిలో దిగి ఉన్నాయి. రెండు చేతుల్లో పట్టేంత నల్లరాయి ఒకటి చూసి, వంగి, "తోడు రా" అని పిలిచింది. రాయి గుంతలోంచి తేలిగ్గా వచ్చింది. దాన్ని తెచ్చి మధ్య సీట్లో తన పక్కన పెట్టుకుంది. బండి నాలుగు అడుగులు కదిలిందో లేదో, బెల్టు పెట్టుకోలేదని ముందు డబ్బా కుయ్ కుయ్ మనడం మొదలుపెట్టింది. గిరి బండి ఆపి, వెనక్కి వంగి, రాయి మీదుగా బెల్టు లాగి పెట్టాడు. చప్పుడు ఆగింది.

"కిటికీ దిక్కు జరుపకపోయినవా అక్కా, గాలన్న తగులుతుండె" అన్నాడు. ఆమె జరిపింది.

నార్కట్‌పల్లి దాటాక గిరి ఉండబట్టలేక, వాళ్ల చిన్నాయన ఒక రాయిని నల్గొండ కోర్టు కాడ చాయ్ హోటల్లో మరిచిపోయి వచ్చిన సంగతి ఎత్తాడు. మూడో రోజు పొద్దున అది దాని గుంతలోనే ఉంది. అడుగంతా అరిగిపోయి, నునుపెక్కి.

"మరిస్తె వస్తది" అంది సత్తమ్మ కళ్లు తెరవకుండా. "తోడు రమ్మంటె వస్తది, మరిస్తె నడిచొస్తది. పొమ్మనొద్దు, గంతే. మా మామ కరువుల ఒకదాన్ని వాగుల నీళ్లొచ్చినయో లేదో పోయి చూసి రా పో అన్నడట. వాగైతే పారింది. అది మాత్రం మల్ల రాలే."

యాదలక్ష్మి పక్కకు చూసింది. మలుపు వచ్చినప్పుడు రాయి బరువు ఆమె మీదికి ఒరిగేది, మళ్లీ సర్దుకునేది. ఏసీకి మిగతా అద్దాలన్నీ తేటగా ఉన్నాయి. దాని పక్కనున్న అద్దం మీద మాత్రం అరచేయంత మేర ఆవిరి పట్టి, తగ్గి, మళ్లీ పట్టి, మళ్లీ తగ్గుతోంది. ఆమె అద్దం నుంచి కళ్లు తిప్పుకుంది.

శంషాబాదులో పార్కింగు దగ్గర కుర్చీ వేసుకున్నాయన లోపలికి తొంగి చూసి, "నలుగురా" అని అడిగి గేటెత్తాడు. గిరి నాలుగు చాయ్‌లు తెచ్చాడు. నాలుగోది రాయి ముందు పెట్టారు. తాగినట్టు లేదు గానీ, కాసేపటికి కప్పు ఖాళీ అయింది. పదిన్నర దాటింది. అక్కడ విమానం లేచేది మన లెక్కన పదకొండున్నరకు. గేటు అరగంట ముందే మూస్తారని గిరి ఫోన్లో చూసి చెప్పాడు. భిక్షం ఫోన్ స్విచ్ ఆఫ్.

సత్తమ్మకు కాళ్లు తిమ్మిరెక్కాయి. గిరి ఆమెను మెల్లగా నడిపించుకుంటూ, విమానాల పేర్లు పడే బోర్డు చూపిస్తానని తీసుకుపోయాడు. బండిలో యాదలక్ష్మి, రాయి మిగిలారు.

ఆమె తెలియక చేసిందని తర్వాత కొందరన్నారు. తెలియకేం కాదు. పక్కకు తిరిగి కూర్చుని, చాలాసేపు దాన్ని చూసింది. ఎవరిదో తెలియని మొహం చూస్తున్నట్టు సిగ్గనిపించింది, భయమనిపించింది. ఐదేళ్లుగా మనిషి గొంతు లేక గొర్రెల భాషలోకి జారిపోతున్న తన మనిషి గుర్తొచ్చి, ఆ రెండింటినీ పక్కన పెట్టింది.

"ఆయన జాగల ఎవలన్న నిలబడాల్నట" అంది. అద్దం మీద ఆవిరి ఆగిపోయింది, ఊపిరి బిగబట్టినట్టు. "నాకు ఇంకెవరున్నరు అడిగేతందుకు. నువ్వు పో."

ఆమె భుజం మీద ఏదో చల్లగా ఆనుకుని లేచినట్టయింది. సీటు మెత్త మెల్లగా పైకి ఉబ్బి సమమైంది. బెల్టు పెట్టింది పెట్టినట్టే ఉంది, దాని కింద ఏమీ లేదు. తలుపు తెరుచుకోలేదు. అద్దం మీది ఆవిరి అంచుల నుంచి ఎండుతూ వచ్చింది.

గిరి తిరిగొచ్చి బెల్టు వంక చూశాడు. వంగి దాన్ని విప్పాడు. సత్తమ్మ సీటు మీద చెయ్యి పెట్టి చూసి, కోడలి పక్కన కూర్చుంది.

"పొమ్మన్నవా?"

"అన్న అత్తా."

సత్తమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "నార్కట్‌పల్లి కాన్నుంచి నా నోటిదాక వచ్చింది. అననీకి భయమైంది" అంది. అంతకుమించి ఆ విషయం ఆమె జీవితంలో ఇంకెప్పుడూ ఎత్తలేదు.

పదకొండు కావస్తుండగా ఫోన్ వచ్చింది. ఎవరిదో ఫోన్ అడుక్కుని భిక్షం చేశాడు. "ఇడిసిపెట్టిండే. ఒకాయనొచ్చిండు నా జాగల. ఎక్కుతున్న" అన్నాడు. ఆమె ఏదో అనబోయేలోపు లైను పోయింది. యాదలక్ష్మి మొదట ఏడ్చింది. తర్వాత బండిలో మెత్త, దుప్పటి సర్ది, రొట్టెలు చెమ్మ పట్టాయేమోనని విప్పి చూసి, మళ్లీ మూట కట్టింది.

సాయంత్రం ఐదున్నరకు అతను బయటికి వచ్చాడు. సత్తమ్మ అన్నట్టే ముందు ఆమె మొహమే కనబడింది అతనికి. సగం మనిషయ్యాడు, నల్లగా కమిలిపోయాడు. అంతమంది బూట్ల మధ్య ఒట్టి కాళ్లతో నడిచి వస్తున్నాడు. యాదలక్ష్మి ఆ కాళ్లే చూసింది.

"చెప్పులేవి?"

"ఆయనకిచ్చిన" అన్నాడు. "పాపం ఒట్టి కాళ్లతోటి వచ్చిండు."

చాయ్ తాగాడు. మధ్య సీట్లో పడుకోమంటే పడుకోలేదు, కిటికీ పక్కన కూర్చున్నాడు. రింగు రోడ్డు మీద కాస్త తేరుకుని ఒక్కో ముక్కే చెప్పాడు. "నా ఈడోడే ఉంటడు. నోరిప్పలే. చెయ్యి పట్టుకుంటె సల్లగున్నది, గంత ఉక్కల. కఫీల్ ఆయన భుజాల మీద రెండు చేతులేసి వంచి చూసిండు, ఇసుమంత వంగలే. గట్టోడు, వీడు బతుకుతడు అన్నడు. పాస్‌పోర్టు నా చేతుల పెట్టిండు. కట్టె, ఫోను, నీళ్ల డబ్బా ఆయనకు అప్పజెప్పినం. జీపెక్కి ఒక్కసారన్న ఎనక్కి తిరిగి చూడలే."

గిరి అద్దంలోంచి సత్తమ్మ వంక చూశాడు. భిక్షం కూడా ఊరివాడే కదా, అతనికి తెలియని లెక్కలేం కావు. చౌటుప్పల్ దాటాక బండి ఆపి రొట్టె విప్పారు. సగం రొట్టె తిన్నాక, నములుతూ నములుతూ ఆగి, చుట్టూ ఉన్న మొహాలు లెక్కపెట్టాడు.

"పొద్దున ముగ్గురే బయలెల్లిన్రా?" అని అడిగాడు.

"ముగ్గురమే" అన్నాడు గిరి.

భిక్షం మిగతా రొట్టె మూటలో పెట్టేశాడు. ఊరొచ్చేదాకా తన పక్కన, కిటికీ దిక్కు, ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నాడు.

వారం గడిచింది. భిక్షం మాటలు మెల్లగా తిరిగొచ్చాయి. పొద్దున మందతో పోయి, మధ్యాహ్నం వచ్చి తిని, గాఢంగా నిద్రపోయేవాడు. దొడ్డి వెనక ఆ గుంత అట్లాగే ఉంది. వాన పడితే మిగతా రాళ్ల చుట్టూ నీళ్లు నిలిచాయి గానీ అందులో చుక్క నిలవలేదు. యాదలక్ష్మి రోజూ అటు పోయి చూసేది. భర్త పక్కన ఉన్నాడన్న సంతోషం ఎంత నిజమో, అది చూసినప్పుడు కడుపులో పడే రాయీ అంతే నిజం. ఎవరిని పంపిందో ఆమెకు తెలియదు. ఎవరినో పంపింది, అది తెలుసు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె గిన్నెలు తోముతుంటే ఫోన్ మోగింది. ఐదేళ్లు చూసిన నంబరే, భిక్షం అక్కడ వదిలి వచ్చిన ఫోనుది. భిక్షం లోపల పడుకుని ఉన్నాడు. ఆమె తడి చెయ్యి చీరకు తుడుచుకుని ఎత్తింది.

ముందు గాలి. తర్వాత దూరంగా గొర్రెలు, చాలా గొర్రెలు. మనిషి ఊపిరి లేదు. ఆమె ఫోన్ పెట్టేద్దామనుకుంది. పెట్టలేకపోయింది.

"తిన్నవా?" అని అడిగింది.

చాలాసేపటికి రాయి మీద రాయి తగిలినట్టు ఒక్క చప్పుడు వినబడింది. అవునో కాదో ఆమెకు తెలియలేదు.

"నీళ్లు తాగుతున్నవా? ఎండల నిలబడకు జర." భిక్షానికి చెప్పిన మాటలే. వేరే మాటలు ఆమెకు తోచలేదు. కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోవడం కూడా తోచలేదు.

"ఎవరే ఫోన్ల?" భిక్షం లేచి గడప దగ్గరికి వచ్చాడు.

"మనోడే" అంది.

అతను చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు. అరుగు మీద కూర్చుని, పక్క ఊరివాడితో మాట్లాడినట్టు నిదానంగా చెప్పడం మొదలుపెట్టాడు. నల్లచెవుల గొర్రె కుంటుతది, దాన్ని ఎనక ఇడువకు. ట్యాంకర్ శుక్రారం వస్తది, శనారం రాదు. పగలు రేకుల కింద కాలుతది, ట్యాంకు అవతల బారెడు నీడ ఉంటది, ఆడ కూసో. అవతల నుంచి అప్పుడప్పుడు ఆ ఒక్క చప్పుడు.

యాదలక్ష్మి గిన్నెలు వదిలేసి అతని పక్కన కూర్చుని విన్నది. ఐదేళ్లు ప్రతి ఫోన్లో ఆమె మొదట అడిగిన మాట ఒక్కటే, ఎప్పుడొస్తవని. ఆ మాట మాత్రం ఆ రోజు ఇద్దరిలో ఎవరూ అడగలేదు.