మైలపడ్డ వానకోటు

కొమురెల్లికి కోపం వస్తే ముందు చెవులు వేడెక్కుతాయి, నోరు ఆ తర్వాత లేస్తుంది. ఆ రోజు పొద్దున యూనివర్సిటీ బాటనీ తోటలో, నెత్తిన వాన దంచికొడుతుంటే, ఆ చెవులు భగభగ మండుతున్నాయి. ఎందుకు మండవు మరి? ఒంటి మీద ఇంగ్లాండు నుంచి వచ్చిన వానకోటు. దాని కింద బనియను. ఆ బనియను మీద నీళ్ళు. మెడ దగ్గర మొదలై, వీపు మీదుగా నడుములోకి చల్లగా కాలువ పారుతోంది.

వరండాలో కుర్చీలేసుకుని ఇద్దరు పెద్దమనుషులు టీ తాగుతూ చూస్తున్నారు. ఒకాయన బాటనీ డిపార్టుమెంటు హెడ్డు అచ్యుతరామయ్య గారు. కొమురెల్లి పరిశోధనకు గైడు కూడా ఆయనే. రెండో ఆయన యూనివర్సిటీలో కొనుగోళ్ళు చూసే ఆఫీసరు ఉమాపతి. ఈ కోటు వానకు నిలబడితే అడవుల్లో తిరిగే ఫీల్డు మనుషులకు తలా ఒకటి కొనాలి. నిలబడకపోతే లేదు. ఆ పూట తేలాల్సింది అదే.

"ఇగ చాలు, పైకి రావయ్యా" అన్నాడు ఉమాపతి.

కొమురెల్లి వరండా ఎక్కి జిప్పు లాగాడు. లోపల బనియనుకు పిన్నీసులతో గుచ్చిన అద్దుడు కాగితాలు ఉన్నాయి. ఆ ఉపాయం అతనిదే. అడవి నుంచి తెచ్చిన మొక్కల్ని ఆ కాగితాల మధ్య పెట్టి నొక్కి ఆరబెట్టడం వాళ్ళకు రోజూ ఉండే పని. పిసరంత తేమ తగిలినా ఆ కాగితం దాచుకోదు. తన నోటిమాట ఎవరూ నమ్మరని కాగితాన్నే సాక్ష్యం పెట్టాడు. ఇప్పుడా సాక్ష్యం నానిన అటుకుల్లా ముద్దముద్దగా చేతికొచ్చింది.

ఉమాపతి పడీపడీ నవ్వాడు. "సీమ సరుకు, సీమ సరుకు అని మస్తు చెప్తివి గదయ్యా. మా నౌకరు గొంగడి కప్పుకుంటే దీనికన్న నయం. అచ్యుతరామయ్య గారూ, ఎప్పటి లెక్క గోనెసంచులతోనే పోనీయుండ్రి. పొద్దుగూకకముందే సంతకం పెట్టేస్త."

అచ్యుతరామయ్య గారు టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయారు. "భోంచేసి వస్తాను, అప్పుడు చూద్దాం" అని లేచి, గొడుగు తీసుకుని తార్నాకలో ఉన్న తన ఇంటికి బయల్దేరారు.

గోనెసంచులట. ఆ మాట వింటే చాలు, కొమురెల్లికి ఒళ్ళు మండుతుంది.

ఈ గొడవంతా గోనెసంచితోనే మొదలైంది. వాళ్ళు వెతికే నాచుమొక్కలు, ఫెర్నులు వానాకాలంలో తప్ప దొరకవు. అదీ అమ్రాబాద్ గుట్టల్లో, జారే బండల మీద. ఆ బండలెక్కి కోసుకొచ్చేవాడు బుచ్చిరాములు, డిపార్టుమెంటులో ఫీల్డు మనిషి. గోనెసంచి ఒక మూల లోపలికి మడిచి నెత్తికేసుకుంటే అదే ఆయన గొడుగు, అదే ఆయన కోటు. ఈ ఏడు, అంటే అరవై ఎనిమిదిలో, తొలకరి టూరు నుంచే వణుకుతూ వచ్చాడు. జ్వరమన్నారు, గోలీలు మింగమన్నారు. చివరికి న్యుమోనియా అని దవాఖానాలో పడేశారు. ఆ మాట విని కొమురెల్లి గైడు గదిలోకి దూసుకుపోయాడు. "కోసిన మొక్కలు తడవొద్దని మైనం గుడ్డల చుడతం గద సార్. మనిషికేమో గోనెసంచా?" అన్నాడు. జనగామ దగ్గరి రైతు కొడుకు, హెడ్డు ముందు అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

అచ్యుతరామయ్య గారు చెడ్డవారని కాదు. సికింద్రాబాదులో ఆ కోట్లు అమ్మే ఏజెంటును అడిగి ఒక కోటు పరీక్షకు తెప్పించారు. మైనం పట్టించిన మందపాటి బట్ట. ముట్టుకుంటే చేతికి జిడ్డుగా తగిలేది. కొమురెల్లి దాన్ని ఊరికే వదల్లేదు. పంపు కింద కూర్చున్నాడు. తుమ్మకంపలో దూరాడు. జోరువానలో తార్నాక నుంచి హబ్సిగూడ దాకా నడిచి వచ్చాడు. వంకలు లేకపోలేదు. ఎండ పొడిస్తే లోపల ఉడికిపోతుంది. తల తిప్పితే టోపీ దాంతో పాటు తిరగదు, బండ మీద పక్కచూపు ఆనదు. కానీ చుక్క నీరు లోపలికి రాలేదు. కుట్ల దగ్గర కూడా రాలేదు. కాలరు కింద ఇంగ్లీషులో చిన్న చీటీ కుట్టి ఉంది. సబ్బు తగలనీయొద్దు, వేడినీళ్ళు అసలే వద్దు, తడిగుడ్డతో తుడిస్తే చాలని దాని సారాంశం. అది గైడుకు కూడా చదివి వినిపించాడు.

"నువ్వేదో నూనె పూసి మోసం చేశావంటారోయ్. పరీక్ష ముందు రోజు కోటు మా ఇంట్లో పెట్టు" అన్నారు అచ్యుతరామయ్య గారు. సరేనన్నాడు.

సరిగ్గా ఆ ముందు రోజే బుచ్చిరాములు పోయాడు.

సీతాఫల్‌మండిలో శవం లేచేసరికి ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తోంది. తలకొరివి పెట్టాల్సిన తమ్ముడు సమ్మయ్య నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్నాడు. కుండలో నిప్పు ఆరిపోతే ఎంత అశుభం. కొమురెల్లి ఒంటి మీది కోటు విప్పి, ఒక అంచు తను, ఒక అంచు ఇంకొకరు పట్టుకుని, దారి పొడుగునా కుండ మీద పందిరిలా ఎత్తిపట్టారు. తాను ముద్దయ్యాడు. నిప్పు మాత్రం శ్మశానం దాకా ఎర్రగానే ఉన్నది. బతికి ఉండగా బుచ్చిరాములుకు అందని కోటు చచ్చాక నిప్పుకు అందింది.

బుచ్చిరాములు తల్లి లచ్చవ్వ అతని చెయ్యి వదల్లేదు. "ఒక్కన్ని వాన మింగింది బిడ్డా. గీన్ని గూడ గా అడవిలకే పంపుతరట. నా రెండో కొడుకును తడవనియ్యనని చేతుల చెయ్యేసి చెప్పు" అన్నది. అన్న ఉద్యోగం ఆ పూటే తమ్ముడికి ఇచ్చారు. దినాలు కాగానే వెళ్ళాల్సిన టూరుకు పేరు కూడా అప్పుడే రాశారు. కొమురెల్లి చేతిలో చెయ్యేశాడు.

అక్కడి నుంచి తిన్నగా తార్నాక వచ్చి, గైడు ఇంటి గేటు బయటే నిలబడ్డాడు. చావింటి నుంచి వచ్చినవాడు స్నానం చెయ్యకుండా ఇంకొకరి గడప తొక్కకూడదు. ఆ ఇల్లాలు శ్యామలాంబ గారు మడీ ఆచారం ఉన్న మనిషి. అందుకే, "అమ్మా, దగ్గరికి రాకుండ్రి. దహనం కాడికెళ్ళి వస్తున్న. సార్ కోటు గేటుకు తగిలిస్తున్న" అని కేకేశాడు. "ఎవరు పోయారు నాయనా?" అని ఆమె అడిగితే, "మా దోస్తమ్మా" అన్నాడు. పేరు చెప్పకుండానే కోటు గేటుకు తగిలించి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు వరండాలో ఒంటరిగా నిలబడి కోటు పిండుతుంటే గుప్పున వాసన కొట్టింది. మైనం వాసన కాదు, కుంకుడుకాయ వాసన. బట్టను వేళ్ళ మధ్య నలిపాడు. జిడ్డు లేదు, బరువు లేదు, పాత దుప్పటిలా మెత్తగా ఉంది. పొద్దున చేతికిచ్చినప్పుడే తేలిగ్గా అనిపించింది. కానీ నిద్రలేని కళ్ళు, బుర్రనిండా బుచ్చిరాములు, పట్టించుకోలేదు. కోటు చంకలో పెట్టుకుని ఆ వానలోనే తార్నాక వైపు ఉరికాడు.

అచ్యుతరామయ్య గారు విస్తరి ముందు కూర్చుని ఉన్నారు. శ్యామలాంబ గారు మడిచీరతో వంటింటి గడపలో నిలబడి ఉన్నారు.

"అమ్మా, ఈ కోటును ఎవరన్న ఉతికిన్రా?"

"ఉతికించాను నాయనా. దహనం నుంచి వస్తున్నానని నువ్వే చెప్పావుగా. మైల తగిలిన బట్ట, మళ్ళీ నలుగురి ఒంటిమీద ఎక్కేది. పనిమనిషి శివమ్మ చేత కుంకుడు రసం, చాకలిసోడా వేసి బాగా ఉడకబెట్టించాను. తెల్లవార్లూ కుంపటి మీద ఆరబెట్టి ఇస్త్రీ కూడా చేయించాను. ఏం, మరకలు పోలేదా?"

నోటిదాకా వచ్చిన అరుపు అక్కడే ఆగిపోయింది. ఆమె మంచికే చేసింది. మైల సంగతి గేటు దగ్గర నిలబడి చెప్పింది తనే. ఆ మర్యాదే కొంప ముంచింది.

"దానికి వేడినీళ్ళు తగలొద్దమ్మా. మైనమంతా పోయింది. పొద్దున వాన మొత్తం నా ఒంటిమీదనే ఉన్నది."

"అయ్యో. నాకేం తెలుసు నాయనా. ఉడకబెట్టించనా అని ఈయన్ని అడిగాను. ఊఁ అన్నారు."

కొమురెల్లి మెల్లగా గైడు వైపు తిరిగాడు. "మీకు తెలుసా సార్?"

"పేపరు చదువుతూ ఏదో పరధ్యానంలో ఊఁ అన్నానోయ్. పొద్దున నీ కాగితాలు చూశాకే గుర్తొచ్చింది."

"గుర్తొచ్చినంక ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పను?" అచ్యుతరామయ్య గారికీ కోపం వచ్చింది. "మూఢాచారాల మీద సభల్లో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. చావుమైలని మా ఇంట్లో కోటు ఉడకబెట్టారని ఆ ఉమాపతితో చెప్పమంటావా? క్యాంపస్ అంతా కథలుగా చెప్పుకుని నవ్వుతారు."

"నవ్వనీయుండ్రి. నవ్వితే మీరు తడుస్తరా? మీకు న్యుమోనియా వస్తదా?"

"గొంతు తగ్గించు. వచ్చే ఏడు ఇంకో కోటు తెప్పించి చూద్దాంలే."

"వచ్చే ఏడు దాక ఎవరుంటరు సార్? దినాలు కాంగనే సమ్మయ్యను గుట్టలెక్కిస్తున్నరు. గా సంచే నెత్తికేసి పంపుతరా?"

"సమ్మయ్య ఎవరు?" అన్నారు శ్యామలాంబ గారు.

"బుచ్చిరాములు తమ్ముడమ్మా. అన్న నౌకరి తమ్మునికిచ్చిన్రు."

"బుచ్చిరాములు నౌకరీ ఇంకొకరికి ఇవ్వడమేమిటి? వాడికేమైంది?"

కొమురెల్లికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక గైడు మొహంలోకి చూశాడు. అచ్యుతరామయ్య గారు కలిపిన అన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నారు.

"నిన్న కాలవెట్టింది వాన్నే అమ్మా. ఆ కోటు కిందనే వాని నిప్పు తీస్కపోయినం."

శ్యామలాంబ గారు గడప పట్టుకున్నారు. బుచ్చిరాములు ఆ ఇంటికి కొత్తవాడు కాదు. ప్రతి టూరు నుంచీ మోదుగాకులు మోపుగట్టి తెచ్చి, పెరటి గోడ మీద పెట్టి, "అమ్మా, ఆకులు" అని దూరం నుంచే పిలిచి పోయేవాడు. ఆమె వాటితో విస్తళ్ళు కుట్టుకునేది. భర్త ఇప్పుడు అన్నం తింటున్నది వాటిలో ఒకదాంట్లోనే.

"మొన్న అడిగితే తగ్గుముఖం పట్టిందన్నారు. నిన్న రాత్రి అడిగితే బాగానే ఉన్నాడన్నారు" అన్నది ఆమె భర్తతో.

"నువ్వు బాధపడతావని..."

"నేను అడుగుతానని చెప్పలేదు. వానలో ఎందుకు పంపారని అడుగుతానని."

ఆమె గడప దాటి ముందు గదిలోకి వచ్చింది. "ఇలా తే ఆ కోటు."

"నేను తొడిగినదమ్మా, మీరు మడిల ఉన్నరు."

"తెమ్మన్నాను."

కోటు రెండు చేతులా తీసుకుంది. నీళ్ళు కారి మడిచీర తడిసింది. "మీరు చెప్పరు, నేను చెబుతాను. చెయ్యి కడుక్కుని రండి" అని భర్తతో అని, చెప్పులు కూడా చూసుకోకుండా మెట్లు దిగింది. కొమురెల్లి పరుగున రిక్షా పిలిచాడు. అచ్యుతరామయ్య గారు గొడుగు మరిచిపోయి వెనకాల వచ్చారు.

ఉమాపతి డిపార్టుమెంటు గదిలో కలం తీసి సిద్ధంగా ఉన్నాడు. ఈమెను చూసి లేచి నిలబడ్డాడు. శ్యామలాంబ గారు కోటును ఆయన బల్ల మీద పెట్టారు.

"ఈ కోటులో తప్పేం లేదు. నేను ఉడకబెట్టించాను."

"కోటును ఉడకబెట్టుడేందమ్మా, పప్పా?" ఉమాపతి మీసాల కింద నవ్వు మొదలైంది.

"చావుమైల తగిలిందని ఉడకబెట్టించాను."

ఆ నవ్వు ముఖమంతా పరుచుకుంది. అచ్యుతరామయ్య గారు భయపడ్డది అచ్చంగా ఆ నవ్వుకే. ఆయన తలుపు దగ్గరే ఆగిపోయి నేల చూపులు చూస్తున్నారు.

"నవ్వండి" అన్నది ఆమె. "మా ఇంట్లో అట్లాగే చేస్తాం. నవ్వడం అయ్యాక ఎవరి చావో ఈయన్ని అడగండి."

ఉమాపతి నవ్వు ఆగింది. అడగలేదు కానీ అచ్యుతరామయ్య గారి వైపు చూశాడు. బయట వాన రేకుల మీద మోగుతోంది.

"చెప్పండి" అన్నది ఆమె.

"బుచ్చిరాములుది" అన్నారాయన.

"ఎట్లా పోయాడో కూడా."

తల మీంచి వాననీళ్ళు అద్దాల మీదికి కారుతున్నాయి. "తడిసి, న్యుమోనియాతో పోయాడు. గోనెసంచి ఇచ్చి నేనే పంపాను."

వానాకాలం మొదలైనప్పటి నుంచి కొమురెల్లి వినాలనుకున్నది ఆ ఒక్క మాటే. విన్నాడు. చెవుల వేడి మాత్రం దిగలేదు. ఇంత ఆలస్యంగానా అని ఇంకా కాస్త రాజుకుంది.

ఉమాపతి కలానికి మూత పెట్టాడు. "ఇంకో కోటు తెప్పిస్తం. మళ్ళ పరీక్ష పెడదాం" అన్నాడు గొంతు తగ్గించి.

"పెట్టండి. కోట్లు వచ్చేదాకా సమ్మయ్య గుట్ట ఎక్కడు. ఈసారి తొడుక్కుని వానలో నిలబడేది కూడా ఈ పిల్లాడు కాదు" అన్నది శ్యామలాంబ, భర్త వైపు చూడకుండానే. "ఈయన నిలబడతారు."

అచ్యుతరామయ్య గారు అద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుని, "నిలబడతాను" అన్నారు.

"అద్దుడు కాగితాలు నేను గుచ్చుత సార్" అన్నాడు కొమురెల్లి.