మేస్త్రీ తాగి చూసిన నీళ్ళు

బోరు మేస్త్రీ నాలుకంటే ఆ చుట్టుపక్కల అందరికీ గురి. ఎక్కడ బోరు వేసినా మొదటి గ్లాసు నీళ్ళు ఆయనే తాగాలి. కళ్ళు మూసుకుని నోట్లో కాసేపు ఆడించి, గుటక వేసి, తియ్యటి నీళ్ళు, నిశ్చింతగా తాగండి అన్నాడంటే ఇంకెవరూ కిక్కురుమనేవాళ్ళు కాదు. నాలుకకు అందనిది కూడా నీళ్ళలో ఉండొచ్చని ఆయనకు తోచనేలేదు. అందరూ అలా నెత్తిన పెట్టుకుంటుంటే ఎవరికి మాత్రం ఎలా తోస్తుంది?

చెల్లెలి పెరట్లో బోరు వేసిందీ ఆయనే. అప్పటికి మేనకోడలు ఇంకా పారాడుతోంది. ఆ పెరట్లో పాత బావి ఒకటి ఉండేది. లోతు తక్కువ, నీళ్ళు కాస్త ఉప్పన. సబ్బు నురగ రాదని, టీలో పాలు విరిగిపోతున్నాయని చెల్లెలు సణిగేది. నేనుండగా నా చెల్లెలికి ఉప్పునీళ్ళ ఖర్మేమిటని మేస్త్రీ తన బండి తోలుకొచ్చి, నల్లరాతిని తొలుచుకుంటూ పాతాళం దాకా దిగాడు. పడ్డ నీళ్ళు తాగి చూస్తే అచ్చం కొబ్బరినీళ్ళే. ఆ సంబరంలో, బోరులోంచి వచ్చిన రాతిపొడినంతా పాత బావిలోకి తోయించి దాన్ని పూడ్చి పారేశాడు. చెల్లెలు మురిసిపోయింది.

పిల్లకు పాలపళ్ళు రాలి కొత్తపళ్ళు వచ్చాయి. రావడం రావడమే గోధుమరంగు చారలతో వచ్చాయి. అక్కణ్ణుంచి మొదలైంది తల్లి సాధింపు. బద్ధకమంది, దొంగ తోముడంది. తోముకున్నానమ్మా అని పిల్ల మొత్తుకున్నా వినేది కాదు, పక్కన నిలబడి మళ్ళీ తోమించేది. చిగుళ్ళు చిట్లి నురగ ఎర్రబడేది. మేస్త్రీ కూడా తక్కువ తినలేదు. వచ్చినప్పుడల్లా, ఏం కోడలా, ఇవాళైనా బ్రష్షు తడిసిందా అని వేళాకోళమాడేవాడు. పిల్ల ఎదిగింది. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నేర్చుకుంది.

ఈమధ్య ఒక కొత్త ఆస్పత్రివాళ్ళు ఆయన చేత బోరు వేయించి, నీళ్ళు పరీక్షకు పంపమన్నారు. నా నాలుక ఉండగా పరీక్షేమిటని మూతి ముడుచుకునే ల్యాబుకు వెళ్ళాడు. అక్కడావిడ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఇక్కడి రాతిలోనే ఫ్లోరైడు ఉందట. లోతు నీళ్ళు ఏళ్ళ తరబడి ఆ రాతి సందుల్లో నిలవుండి దాన్ని కరిగించుకుంటాయట. దానికి రుచీ లేదు, వాసనా లేదు. పైపైన ఉండే బావుల్లో ఉప్పు ఉన్నా ఇది తక్కువేనట.

"ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకి పళ్ళు చారలతోనే వస్తాయండి. ఎంత తోమినా పోవు," అందావిడ.

మేస్త్రీకి మేనకోడలి పళ్ళు గుర్తొచ్చాయి. ఆ సాయంత్రమే ఏదో సాకు చెప్పి చెల్లెలింటి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళాడు. ల్యాబులో అవి ఆస్పత్రి బోరు నీళ్ళ కంటే అధ్వాన్నమని తేలింది.

చెప్పకపోతే వాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. చెబితే చెల్లెలు ఇక గడప తొక్కనిస్తుందా? కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాడు. చెల్లెలు ఎప్పటిలాగే గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి, తల వంచుకుని, అంతా చెప్పేశాడు. ఆ బావైనా ఉంచాల్సింది, చేతులారా పూడ్చానన్నాడు. తిడుతుందని కాచుకుని కూర్చున్నాడు.

చెల్లెలు ఆయన వంక చూడనే లేదు. లోపల చదువుకుంటున్న కూతురి దగ్గరికి వెళ్ళి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"రోజూ తోముకునేదానివే కదే నువ్వు," అంది.

"చెప్పాను కదమ్మా."

తల్లి దాన్ని పట్టుకుని బావురుమంది. పిల్లకు మాత్రం మావయ్య చెప్పిందంతా వినబడే ఉంది. తల్లి భుజం మీదుగా ఆయన వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. మొహం ఆశతో విప్పారింది.

"అయితే మావయ్యా, ఇప్పుడు ఆ నీళ్ళు మానేస్తే ఇవి పోతాయా?"

పోవని ఆయనకు తెలుసు. ఊరందరికీ మాటిచ్చిన ఆ నాలుక, కోడలికి ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంతకీ లేవలేదు.