శ్యామలాదేవి సమర్పించు

మంగళవారం పొద్దున ఫిలింనగర్ గుట్ట మీది గుడిలో పూజారి గోత్రం అడిగితే సూర్యనారాయణ తడబడ్డాడు.

అడగడం కొత్త కాదు. ఇరవై ఏళ్ళుగా ఆయన అడుగుతున్నాడు, ఈయన చెబుతున్నాడు. సూర్యనారాయణ సినిమాలకు టైటిల్స్ రాస్తాడు. నిర్మాత కమలాకర్ తీసే ప్రతి సినిమాకూ తెర మీద పడే మొదటి టైటిల్ కార్డు ఎక్కించే ముందు, ఆ కార్డు మీదుండే పేరున అర్చన చేయించడం సూర్యనారాయణ తనకు తానుగా పెట్టుకున్న నియమం. పేరు శ్యామలాదేవి. గోత్రం ఆమె భర్త కమలాకర్‌ది. ఎప్పుడూ గడగడా చెప్పే ఆ గోత్రం ఈసారి నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. వాళ్ళిద్దరికీ కోర్టు విడాకులిచ్చి మూడు నెలలయింది.

"గోత్రమండీ?" పూజారి మళ్ళీ అడిగాడు.

"శ్యామలాదేవి అండీ."

"అది పేరు. గోత్రం చెప్పండి."

"పుట్టింటిది నాకు తెలియదు స్వామీ. అత్తింటిది చెప్పొచ్చో లేదో అదీ తెలియదు."

పూజారి సూర్యనారాయణ వెనక పెరుగుతున్న వరుసను చూశాడు. "తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పేస్తాం లెండి, ఆ తల్లికి అభ్యంతరం ఉండదు," అని మంత్రంలో పడిపోయాడు. కుంకుమ పొట్లం చేతికొచ్చింది కానీ సూర్యనారాయణ మనసు కుదుటపడలేదు. దేవుడి దగ్గర ఒక ఆడమనిషిని ఎవరని చెప్పాలో తెలియకపోవడం ఆయనకు ఇదే మొదటిసారి.

ఆ కార్డుకో చరిత్ర ఉంది. కమలాకర్ మొదటి సినిమా తీసినప్పుడు, కంప్యూటర్లు వచ్చేసినా కుంచెతో రాసిన అక్షరమే కావాలని పట్టుబట్టాడు. సూర్యనారాయణ నల్లటి అట్ట మీద తెల్లరంగుతో మూడు వరుసలు రాశాడు. పైన చిన్నగా 'శ్రీమతి', నడుమ పెద్దగా 'శ్యామలాదేవి', కింద 'సమర్పించు'. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. నిర్మాత భార్య పేరు అలా మొదట్లో వేయడం పరిశ్రమలో అందరూ చేసేదే. ఆమె ఏం సమర్పించిందని అడిగినవాడు లేడు. అది గుమ్మానికి కట్టే మామిడాకు లాంటిది. మూడో సినిమాకు మాత్రం భాగస్వామి ఒకాయన తన ఇల్లాలి పేరు వేయించుకున్నాడు. ఆ సినిమా రెండో శుక్రవారం చూడలేదు. అప్పటి నుంచి కమలాకర్‌కు ఆ కార్డంటే తాయెత్తు. అదే అట్ట, అదే చేతిరాత, అక్షరం కదలకూడదు.

అందుకే ముందురోజు, సోమవారం నాడు, జూబ్లీహిల్స్ ఆఫీసుకు సూర్యనారాయణను పిలిపించాడు. నుదుట విభూతి ఉంటుంది కాబట్టి ఆయన్ని కమలాకర్ పంతులని పిలుస్తాడు.

"పంతులూ, నువ్వే పోవాలె. ఆమె సంతకం లేనిదే పేరు వేయొద్దని వకీలు అంటుండు. పేరు లేకుంటె సినిమా ఆడదని నేనంటున్న."

"మీరే ఒకసారి ఫోన్ చేస్తే బాగుంటుందేమోనండీ."

"నేను చేస్తే ఎత్తుతదా? ఎత్తినా ఏమని అడగాలె? నా భార్యవైతే కావు గని, జర నాలుగు సెకన్లు నా శ్రీమతివని ఒప్పుకో అనాల్నా?" తన మాటకు తనే నవ్వి, వకీలు టైపు చేయించిన కాగితం చేతిలో పెట్టాడు. "ఈ ఒక్క సినిమాకే. పెండ్లయినంక వచ్చే సినిమాకు అపూర్వ పేరొస్తది, అది కలిసొస్తదని మా సిద్ధాంతి చెప్పిండు. ఎల్లుండి సెన్సారుకు పంపాలె, యాదిపెట్టుకో."

అపూర్వ ఆయన పెళ్ళాడబోయే ఆవిడ.

గుడి మెట్లు దిగి సూర్యనారాయణ శ్రీనగర్ కాలనీ వెళ్ళాడు. శ్యామలాదేవి ఉండేది రెండో అంతస్తులో. బోర్డులు రాసేవాడి కన్ను ముందు తలుపు మీదికే పోతుంది. పేరున్న పలక లేదు, పలక బిగించిన రెండు రంధ్రాలు మాత్రం ఉన్నాయి.

"రాండ్రి సూర్యనారాయణగారు. కార్డు పని మీదనే గద?"

"మీకెలా తెలిసిందమ్మా?"

"మంగళారం, చేతుల పొట్లం. ఇరవై ఏండ్ల సంది మీరు ఒక్క తీరుగనే వస్తరు."

ఆమెకు యాభై దాటాయి. మెడలో సన్నటి గొలుసు తప్ప ఏమీ లేదు. సూర్యనారాయణ ఆ సంగతి చూశాడు, చూసినందుకు తనను తానే తిట్టుకున్నాడు. ఇక పొట్లం దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. కుంకుమ ఇవ్వొచ్చా? ఇస్తే నొచ్చుకుంటుందా, ఇవ్వకపోతే నొచ్చుకుంటుందా? ఆయన తటపటాయిస్తుంటే ఆమె అరచేయి చాపింది.

"ఇటియ్యిండ్రి. నా పేరున చేపిచ్చిందే గద."

ఉంగరం వేలితో నుదుట అద్దుకుని, మిగతాది దేవుడి గూట్లో ఉన్న భరిణెలో పోసుకుంది. "గోత్రం ఏం చెప్పిన్రు?"

"చెప్పలేకపోయానమ్మా. పూజారే ఏదో చెప్పుకున్నాడు."

"మంచిదైంది. నాక్కూడ తెల్వది ఇప్పుడు. మొన్న బ్యాంకుల ఫారం నింపుతుంటే ఆడ కూసున్న పిల్ల, మేడం మిస్సా మిసెస్సా అన్నది. రెండూ గాదు బిడ్డా అంటె, ఇంకో డబ్బ లేదు మేడం అన్నది. ఇద్దరం ఒకరి మొకం ఒకరం చూసుకున్నం," అని నవ్వింది.

టీ ఇచ్చి కాగితం చదివింది. 'నా పేరు వాడుకొనుటకు నాకెట్టి అభ్యంతరమూ లేదు' అన్న వాక్యం దగ్గర ఆగి, మళ్ళీ మొదటికొచ్చి చదివింది.

"వద్దంటె ఏమైతది?"

"మీ పేరు పోతుందమ్మా. వచ్చే సినిమా నుంచి ఎలాగూ..." సూర్యనారాయణ టీ కప్పు అందుకున్నాడు.

"ఎలాగూ ఆ పిల్ల పేరు. చెప్పుండ్రి, పర్లేదు." కాగితం బల్ల మీద పెట్టింది. "ఈ సినిమా కథ డైరెక్టర్ మౌళి ముందల నాకే చెప్పిండు, తెల్సా? ఇంకా ఆ ఇంట్లనే ఉన్న అప్పుడు. అన్నాల బల్ల కాడ రెండు గంటలు చెప్పిండు. ఆయన పక్కల కూసోని ఫోన్ చూసుకుంటుండె. ఇంటర్వెల్‌కు తల్లిని సంపేసిండు మౌళి. నేనన్న, సంపకు బాబూ, బస్సెక్కి ఎటన్న పోనియ్. సచ్చిపోయినామె కోసం కొడుకు ఏడుస్తడు, పోయినామె కోసమైతె ఎతుకుతడు అని. ఇప్పుడు సినిమా అంత ఆ ఎతుకుడే."

సూర్యనారాయణకు ఆ సంగతి తెలియదు. దర్శకుడు మౌళి ఎడిటింగ్ రూములో రీళ్ళ కొద్దీ ఆ వెతుకులాట చూపిస్తుంటే బాగుందనుకున్నాడు, అంతే.

"మొదటి సినిమా సంది అంతే. నేను ఊఁ కొడితె సినిమా, లేకుంటె లేదు. మూడోది నేను వద్దన్న కథ. అది పోతె, కార్డు లేక పోయిందన్నడు ఆయన." ఆమె గొంతులో కోపం లేదు, లెక్కల మేష్టారు తప్పు చూపించినట్టుగా చెబుతోంది. "ఆ కార్డు మీద మూడు మాటలున్నయి గద. లోకం ఏమనుకున్నది? మొదటి మాట నిజం, ఆఖరి మాట ఉత్తదే అనుకున్నది. నాకైతె ఆఖరిదే నిజం. కథ నేను విన్న, నేను సమర్పిస్తున్న. అది ఉండాలె. శ్రీమతి తీసేయిండ్రి."

"ఆ ముక్క ఈ కాగితంలో రాసేద్దామా అమ్మా?"

"వకీలు కాయితంల నేనొక ముక్క రాస్తె ఆయన పది రాస్తడు. మూడేండ్లు కోర్టు మెట్లెక్కిన, ఇగ సాలు. మీకు చెప్పిన గద. రాసేది మీరే. చూసుకుంటరా?"

"చూసుకుంటానమ్మా," అన్నాడు సూర్యనారాయణ. ఆమె సంతకం పెట్టేసింది. మెట్లు దిగుతుంటే జేబులో కాగితం తేలిగ్గానే ఉంది, ఇచ్చిన మాటే బరువుగా ఉంది. ఆయన జీవితంలో నిర్మాతకు ఎదురు చెప్పింది లేదు.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. తను రంగంలోకి వచ్చిన కొత్తలో కథానాయికల పేర్ల ముందు కుమారి అని రాసేవాడు. పెళ్ళయిందని కబురొస్తే ఆ మాట చెరిపి శ్రీమతి అని రాసేవాడు. ఒకావిడ విషయంలో కబురు ఆలస్యమై పెద్ద గొడవే అయింది. అదే హీరోలు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, విడిపోయారు, మళ్ళీ చేసుకున్నారు. వాళ్ళ కార్డు ఒక్కటీ మార్చిన గుర్తు లేదు. ఇన్ని వేల పేర్లు రాసిన చేతికి ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో ఆయనకు అంతుబట్టలేదు. పెద్దలు పెట్టిన పద్ధతిలో ఏదో అర్థం ఉండే ఉంటుంది. ఉంటే మగవాడికి ఆ అర్థం ఎందుకు అక్కర్లేకపోయిందో అడుగుదామంటే ఎవరిని అడగాలి?

సంతకం చూసి కమలాకర్ ముఖం వెలిగింది. "శభాష్ పంతులూ! ఇగ పాత కార్డు ఎక్కియ్."

"అమ్మ ఒక మాట చెప్పారండీ. పేరుంచి శ్రీమతి తీసేయమన్నారు."

"కాయితంల ఉన్నదా?"

"లేదండీ. నాతో అన్నారు."

"నీతోటి అన్నది గాలిల పోయింది. కాయితం నా చేతుల ఉన్నది. ఎక్కియ్."

సూర్యనారాయణ కుర్చీలోంచి లేచాడు. లేచాక ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు. "పొద్దున గుడి నుంచి వెళ్ళి ఇచ్చిన మాటండీ. నేనైతే ఎక్కించలేను. కావాలంటే ఇంకెవరితోనైనా..."

"ఇంకొకరితోటా?" కమలాకర్ అదిరిపడ్డాడు. "చెయ్యి మారుతది గదయ్యా!"

ఆ మాట తన నోటి నుంచే వచ్చాక ఆయనకు తను ఎక్కడ ఇరుక్కున్నాడో తెలిసింది. మాట తీసేస్తే కార్డు మారుతుంది. మనిషిని మారిస్తే చెయ్యి మారుతుంది. ఏది ఎక్కువ కీడో అడుగుదామని సిద్ధాంతికి ఫోన్ చేశాడు. సిద్ధాంతి ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

"ఇద్దరు కలిసి నన్ను మంచిగ ఇరికిచ్చిన్రు," అన్నాడు చివరికి ఫోన్ పడేసి. "మరి ఆ జాగల ఏం పెడ్తవ్? కుమారి అని పెడ్తవా యాభై రెండేండ్లకు?"

"నిర్మాత కార్డు మీద మీ పేరు ముందు ఏముందండీ?"

"నా పేరు ముందల ఏముంటది? ఏం లేదు."

"ఆవిడ పేరు ముందూ అదే ఉంటుందండీ."

కమలాకర్ ఆయన్ని ఎగాదిగా చూశాడు. "వట్టి పేరు చూసి జనం ఎవరామె అనరా?"

"అంటే అననివ్వండి."

"నువ్వు విభూతి పెట్టుకోని శాంతంగ కనబడ్తవ్ గని, గట్టోనివే. పో, రాస్కరాపో."

వెంగళరావు నగర్‌లో ఇంటికి చేరి, ఎండ ఉండగానే సూర్యనారాయణ వరండాలో అట్ట పరిచాడు. కంప్యూటర్‌లో ఆ మాట చెరిపేయడం నిమిషం పని. కానీ చెరిపిన కార్డులా కాక రాసిన కార్డులా ఉండాలనిపించింది. భార్య రాజ్యలక్ష్మి పూలు కడుతూ చూస్తోంది.

"పైన ఖాళీ వదిలారేం?"

"వదల్లేదు. పేరే కొంచెం పైకి వెళ్ళింది."

సంగతంతా విని ఆమె దారం ముడి వేసింది. "బాగానే ఉంది. ఆవిడకు శ్రీమతి పోయి పేరు మిగిలింది. మన గుమ్మం మీద నాకు శ్రీమతే మిగిలింది, పేరు లేదు."

సూర్యనారాయణ తలెత్తి చూశాడు. 'శ్రీమతి & శ్రీ సూర్యనారాయణ'. ఇల్లు కట్టినప్పుడు ఆయన స్వహస్తాలతో రాసిందే. "రాస్తాలేవే," అన్నాడు.

"ఆఁ, రాస్తారు. ముందు ఆ దీర్ఘం సరిచెయ్యండి, వంకరపోయింది."

నెల తర్వాత శుక్రవారం, మోతీనగర్ దగ్గరి థియేటర్‌లో ఇద్దరూ ఉదయం ఆట చూడ్డానికి వెళ్ళారు. దీపాలు ఆరాయి. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు రెండు వరుసల్లో వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఒకాయన పాప్‌కార్న్ పట్టుకుని అడ్డంగా నడిచాడు. అక్షరాలు ఆయన చొక్కా మీద పడి, మళ్ళీ తెర మీదికి పోయాయి.

ముందు వరుసలో ఇద్దరాడవాళ్ళు కూర్చున్నారు.

"ఎవరే ఈమె, శ్యామలాదేవి?"

"ఏమో. సినిమా తీసినామె గావచ్చు."

రాజ్యలక్ష్మి మోచేత్తో పొడిచింది, చెప్పండి అన్నట్టుగా. సూర్యనారాయణ ముందుకు వంగాడు. నిర్మాత వేరే ఆయనమ్మా, ఆయన పేరు ఆఖర్న వస్తుంది అని చెబుదామనుకున్నాడు. ఆలోగా కార్డు వెళ్ళిపోయింది, తెర మీద బస్టాండులో తెల్లవారుతోంది. ఆయన వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.