పెద్దదానికి ఇరవై ఏండ్లు

“పాత చీరయితేనే మెత్తగుంటది. కొత్త బట్ట గీతలు పెడ్తది,” అన్నాడు బావ, అక్క అలమారలోంచి తానే ఒక చీర తీసి నా చేతికిస్తూ.

లేత ఆకుపచ్చ నూలు చీర. అక్క పెళ్లయిన ఏడాది బతుకమ్మకు మా అమ్మ పెట్టింది. అక్క వంటింటి గుమ్మంలోంచి చూసింది. నేను అక్క వైపూ చీర వైపూ చూస్తూ నిలబడ్డాను. “చింపు మరదలా, ఏం చూస్తున్నవ్? ఒక ముక్క నూనెకు, ఒకటి తుడుపుకు, మిగిలింది మెరుగుకు,” అన్నాడు. అంచు పంటితో కొరికి చింపాను. నూలు చీర చిరిగేటప్పుడు చాలా చప్పుడు చేస్తుంది. అక్క లోపలికి పోయి మిక్సీ వేసింది. జార్లో ఏమీ లేకుండానే వేసినట్టుంది, వట్టి గరగర వినిపించింది.

ఆ గుడ్డలు పెద్దదానికి. పెద్దది అంటే బావ బండి. నల్లగా, పొడుగ్గా, బర్రె కొమ్ముల్లాంటి హ్యాండిళ్లతో, పడుకున్నట్టు కిందికుండే సీటుతో ఉంటుంది. బావకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు తిరుమలగిరిలో ఒక రిటైరైన మిలిటరీ ఆయన దగ్గర కొన్నాడట. ఇప్పుడట్లాంటివి తయారు చేయడం లేదు. నానక్‌రామ్‌గూడ పాత ఊరి సందులో మాది కిరాయి ఇల్లు, కింది వాటా. లోపలి గది అక్కాబావలది. హాల్లో సగం పెద్దదానిది. మిగిలిన సగంలో బావ వాళ్లమ్మ సత్తెమ్మ అత్తమ్మ మంచం, నా చాప. నేను జనగామ దగ్గరి మా ఊరి నుంచి డిగ్రీ చదవడానికి వచ్చాను. వచ్చిన మొదటి రోజే అక్క నా చాపను తిప్పి వేసింది. “తల అటు పెట్టకే. జుట్టు చక్రం దిక్కు ఉండొద్దు,” అంది. ఆగి ఉన్న బండి జుట్టును ఏం చేస్తుందో నాకర్థం కాలేదు. అడగలేదు. ఎవరినైనా ఏదైనా అడగడం నాకు అలవాటు లేదు.

అక్క పెళ్లయి ఈ గడపలో అడుగు పెట్టినప్పుడు అత్తమ్మ హారతి ముందు బండికిచ్చి తర్వాత అక్కకిచ్చిందట. “ఇది పెద్దది. నువ్వు చిన్నదానివి. పెద్దదాన్ని కాదని ఈ ఇంట్ల ఏ పనీ కాదు బిడ్డా,” అందట. చుట్టాలందరూ పడీపడీ నవ్వారట. “నేను గూడ నవ్విన్నే. మంచి జోకనుకున్న,” అని అక్క నాకు చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వలేదు.

బావ చెడ్డవాడని నేను రాయలేను. తాగడు, చెయ్యెత్తడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పకముందే పెద్దదాని ట్యాంకు మీద చెయ్యి వేసి, “దినమంత ఏం జేసినవే?” అని అడుగుతాడు. ఆఫీసుకు ఇంట్లో ఉన్న స్కూటీ వేసుకుపోతాడు, పెద్దదానికి దుమ్ము పడకూడదు కనుక. అక్క ఆఫీసు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో. జీతాల లెక్కలు చూసే పని. షేర్ ఆటోలో మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని పోయి వస్తుంది. వచ్చి బియ్యం కడుగుతుంది. ఇదంతా ఎవరికీ వింతగా ఉండదు, నాకూ ఉండేది కాదు. బండి స్టార్టయితే వంటింటి స్టాండులో స్టీలు గ్లాసులు వణుకుతాయి. మొదటిసారి విన్నప్పుడు నా గుండెలోనూ ఏదో వణికింది. ఇంత శబ్దం చేసేదాన్ని ఎవరైనా ప్రేమిస్తారు అనుకున్నాను. ఆదివారాలు బావలాంటి వాళ్లే, నలభై దాటిన సాఫ్ట్‌వేరు వాళ్లు, అట్లాంటి పాత బండ్లేసుకుని వచ్చి మా మెట్ల మీద కూర్చుంటారు. అక్క చాయ్ పెడుతూనే ఉంటుంది. ఎవరి బండి దగ్గుతోంది, ఎవరిది వేడెక్కుతోంది, ఎవరికి ఏ పార్టు దొరికింది అని, పసిపిల్లల గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటారు. “అన్నా, నీ దాంట్ల ఒక్క నట్టు గూడ బయటిది లేదు. దండం పెట్టాలె నీకు,” అంటాడు వాళ్లలో ఆదర్శ్ అనే అతను. అప్పుడు బావ ముఖం వెలుగుతుంది. ఆ వెలుగు అక్క కోసం వెలగగా నేనెప్పుడూ చూడలేదు.

పెద్దదానికి కంపెనీలో బిగించినవన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. వెనక చక్రానికి ఎడమ పక్కన, ఆడవాళ్ల చీర చిక్కుకోకుండా బిగించే ఇనుప చట్రం. శారీ గార్డు అంటారు. దాన్ని బావ కొన్న వారంలోనే విప్పేసి, పారేయకుండా కాగితంలో చుట్టి సజ్జ మీద పెట్టాడు. అది ఉంటే బండి పాలవాడి బండిలా కనిపిస్తుందట. వాళ్ల గుంపులో ఎవరి బండికీ లేదు.

శ్రావణంలో ఒక శుక్రవారం అక్క, బావ పెద్దదాని మీద చిలుకూరు గుడికి పోయారు. దారిలో అక్క చున్నీ వెనక చక్రంలో పడింది. మెడ చుట్టూ ఉన్న చున్నీ. ఆమె రెండు చేతులా పట్టుకుని గుంజిందట, అరుద్దామంటే గొంతు రాలేదట. చున్నీ చిరిగింది కనుక అక్క ఇంటికి వచ్చింది. మెడ చుట్టూ ఎర్రగా, తాడుతో కట్టినట్టు గీత. నేను ఉప్పు నీళ్లు కాచి గుడ్డ ముంచి అద్దుతూ కూర్చున్నాను. హాల్లో బావ నేల మీద బోర్లా పడుకుని, బ్లేడుతో చక్రంలోంచి ఒక్కో దారమూ తీస్తున్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు నిజంగా ఉన్నాయి. “స్పోకు వంగింది. గట్ల గుంజకపోతే వంగకపోవు,” అన్నాడు. “పైట సర్దుకొని కూసునుడు రాదా? మేమెక్కలేదా బండ్లు?” అని అత్తమ్మ. సోమవారం అక్క మెడ మూసుకునే కుర్తా వేసుకుని ఆఫీసుకు పోయింది. అక్కడ నీహారిక గారని అక్క పక్క సీటావిడ, ఆదర్శ్ భార్య కూడా, ఏమైందని అడిగిందట. అలర్జీ అని చెప్పింది అక్క. అట్లా చెప్పమన్నది బావ. “మెడ మీద గీత చూస్తె నేనే ఏమో జేసిన్నని అనుకుంటరు జనం. నా ఇజ్జత్ ఏంగావాలె?” అన్నాడు. నాకూ చెప్పాడు, ఎవరడిగినా అలర్జీ అనమని. నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు కార్తీకం. పెద్దది ఇంటికొచ్చి ఇరవై ఏళ్లు. ఆదివారం గుంపంతా అనంతగిరికి పోతారు. ఒక్కో బండి మీద ఒక్కో జంట, ఆడవాళ్లందరూ పట్టుచీరల్లో, ఒకవైపుగా కూర్చుని. ఆదర్శ్ పైనుంచి వీడియో తీయడానికి డ్రోను తెస్తానన్నాడు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి అక్క అన్నం సరిగా తినడం లేదు. ముద్ద మింగేటప్పుడు ఆమె చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి పోతోంది.

అక్క మొదటిసారి అడిగింది వడ్డిస్తూ. “ఆదివారం ఒక్కనాటికి ఆ గార్డు పెట్టియ్యిన్రి. రెండు బోల్టుల పనే అంటున్నడు మెకానిక్.”

“ఇరవై ఏండ్ల పండుగనాడు దాని ఒంటి మీద ఇనుము కడ్తవా? పాలక్యాన్లు గూడ తగిలియ్యి, ఊరంత పాలు పోసుకుంట పోదం,” అన్నాడు బావ. అత్తమ్మ నవ్వింది.

మర్నాడు మళ్లీ. “నాకు భయమైతుంది.”

“నడిపేది నేను. నాకు లేని ఫికర్ నీకేంది? పైట బొడ్ల చెక్కుకో.”

శనివారం, నేను సైలెన్సరు రుద్దుతుంటే మూడోసారి. “అయితె ప్యాంటేసుకొని కూసుంట.”

బావ చేతిలో గుడ్డ ఆపాడు. “అందరి పెండ్లాలు పట్టుచీరలల్ల ఉంటె నువ్వొక్కదానివి కంప్యూటర్ ముంగట కూసునేదాని లెక్క కూసుంటవా? ఇగ ఆ ముచ్చట బంద్ చెయ్యి.” తర్వాత నవ్వుతూ, నాతో చెప్పాడు. “ఈసారి చిక్కితె మాత్రం మీ అక్కను గుంజొద్దని చెప్పు మరదలా. మల్ల స్పోకు పోతది.”

జోకే. నేనూ నవ్వాలేమోనని ఆయన నా వైపు చూశాడు. నేను సైలెన్సరులో నా ముఖం చూసుకున్నాను. దాంట్లో ఎవరి ముఖమైనా పొడుగ్గా సాగి, నోరు లేనట్టు కనిపిస్తుంది.

ఆదివారం పొద్దున సందు నిండా బండ్లు. ఇంజన్ల మోతకు ఎదురింటి కిటికీ రెక్కలు అదురుతున్నాయి. వెనక సీట్లలో కనకాంబరాలు, జరీ అంచులు, పక్కకు వేలాడే పాదాలు. పెద్దదానికి హారతివ్వాలని అత్తమ్మ నాకు లంగా వోణీ కట్టించింది. బొట్టు పెట్టాను. రెండు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. కర్పూరం ఆరకముందే అక్క బయటికి వచ్చింది. ఆఫీసు ప్యాంటు, చొక్కా. జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. చేతిలో హెల్మెట్.

“ఏందే గా వేషం?” అంది అత్తమ్మ.

“ఎక్కుత అత్తమ్మా. గిట్లయితె ఎక్కుత.”

“వదినా, సీదా ఆఫీసుకేనా? ఆదివారం గూడ లాగిన్ అయితరా?” అన్నాడు ఆదర్శ్. అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. నవ్వు ముఖం మీద అట్లాగే ఉంచి, పళ్ల మధ్య నుంచి, “పోయి మార్చుకొని రా. అందరు చూస్తున్నరు,” అన్నాడు.

“చూడనియ్యిన్రి,” అంది అక్క. ఉన్నచోటి నుంచి కదలలేదు.

బావ చుట్టూ చూసి గట్టిగా అన్నాడు. “చిన్నది అలిగిందిరా బై. పెద్దదాని పండుగ గదా, మండుతది.” మళ్లీ నవ్వులు. అప్పుడు అత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. “సీటు బోసిగ పోతె మంచిగుండదు. ఈ పిల్ల ఉన్నది గదా, వోణీల లచ్చిందేవి లెక్క. మరదలెక్కితె తప్పేంది?”

అందరూ నన్ను చూశారు. బావ సీటు మీద తట్టాడు. “రా మరదలా. ఊరవతల చెరువు దాకా చాలు. ఒక్క వీడియో, అంతే.”

నేను ఒక అడుగు వేశాను. ఎందుకు వేశానో ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. పెద్దవాళ్లు రమ్మంటే పోవడం తప్ప నా కాళ్లకు ఇంకొకటి తెలియదు. మంచిపిల్ల అని మా ఊళ్లో అందరూ అనేది దీన్నే. గాలికి నా వోణీ చెంగు లేచి పడుతోంది. ఇంజను నడుస్తోంది. చక్రం ఆగే ఉంది. దాని పుల్లల మధ్య నుంచి అవతల నేల కనిపిస్తోంది. అక్క వచ్చి నా మణికట్టు పట్టుకుంది, గాజులు నొక్కుకునేంత గట్టిగా. “అది ఎక్కదు,” అంది.

“దాన్ని చెప్పనీ,” అన్నాడు బావ. ఇప్పుడు నవ్వడం లేదు. “చెప్పవే. ఎక్కుతవా, లేదా?”

ఎక్కను అన్న మాట నాకు రాలేదు. నోట్లో ఎంత వెతికినా దొరకలేదు. దాని బదులు వేరే మాట వచ్చింది. ఇంజన్ల మోతలో వినపడదేమో అనుకున్నాను, కానీ అది నా గొంతని నాకే తెలియనంత గట్టిగా వచ్చింది.

“శ్రావణంల అక్క మెడకైంది అలర్జీ గాదు. చున్ని గీ చక్రంల పడ్డది.”

ఎవరో ఇంజను ఆపారు. ఇంకెవరో ఆపారు. పెద్దది ఒక్కటే మోగుతోంది.

“అలర్జీ అని చెప్పావు కదా సంధ్యా నువ్వు!” అక్కను చూస్తూ అంది నీహారిక గారు. ఆదర్శ్ వెనక నెమలికంఠం రంగు చీరలో కూర్చుని ఉందావిడ. అక్క చొక్కా కాలరు కొంచెం పక్కకు జరిపింది. గీత ఇప్పుడు నల్లబడింది. నీహారిక గారు దాన్ని చూసింది, తర్వాత వంగి తన పాదాల కిందికి చూసింది. “ఏవండీ, మనదానికి కూడా ఆ గార్డు లేదు కదూ?”

“అరే, అందరం తీసేసినమే. లుక్ ఖరాబైతదని…” అన్నాడు ఆదర్శ్.

ఆవిడ పైట కొంగు మొత్తం ఒళ్లోకి లాక్కుని, భర్త భుజం పట్టుకోకుండానే బండి దిగింది. వెనక బండి మీది ఆమె కూడా దిగింది. ఆమెవరో నాకు తెలియదు. మిగిలిన వాళ్లు దిగలేదు, కానీ అందరూ కొంగులు చేతికి చుట్టుకున్నారు.

బావ నన్ను చూడలేదు. వంగి ట్యాంకును అరచేత్తో నెమ్మదిగా నిమిరాడు, బెదిరిన పశువును నిమిరినట్టు. అక్క దగ్గరికి తల వంచి, పెద్దదానితో రోజూ సాయంత్రం మాట్లాడే గొంతుతోనే, మెత్తగా, “వచ్చినంక మాట్లాడ్త,” అన్నాడు. క్లచ్ వదిలాడు. నిమ్మకాయలు చిట్లాయి. వెనక సీటు ఖాళీగా, సందు మలుపు తిరిగింది. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు కదిలారు. ఆదర్శ్ కాసేపు భార్య వైపు చూసి, ఆవిడ కదలకపోయేసరికి, తానూ పోయాడు. దిగిన ఆడవాళ్లిద్దరూ సందు చివర ఆటో ఎక్కి పోయారు.

అత్తమ్మ హారతి పళ్లెం నా చేతిలోంచి లాక్కుంది. “వాడు వచ్చేదాక మీరిద్దరు నోరు తెర్వకున్రి. వచ్చినంక వాడి ఇష్టం,” అని లోపలికి పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంజన్ల శబ్దం ఆఫీసు టవర్ల అవతలికి పోయేదాకా అక్క మెట్ల దగ్గరే నిలబడింది. నా మణికట్టు ఇంకా వదలలేదు. నాకు బావ మెత్తటి గొంతే చెవుల్లో తిరుగుతోంది. అరిచి ఉంటే ఇంత భయం వేసేది కాదు. అక్క హెల్మెట్ మెట్టు మీద పెట్టింది.

“అనంతగిరి పోయి రావాలంటె పొద్దుగూకుతది,” అంది, కూరగాయల మాట చెప్పినంత మామూలుగా. “నీ పుస్తకాలు, బట్టలు సంచిల పెట్టుకో. నా సర్టిఫికెట్లు నేను తీసుకుంట.”